లాగి వదిలాక

మార్చి 3, సోమవారం

తొమ్మిదింటికి రావలసిన ఆయా తొమ్మిదీ ఇరవైకి వచ్చింది. ఆలోగా అమ్మ రెండుసార్లు బాత్రూముకి లేచింది. లేచింది అని రాస్తున్నాను గానీ, లేపింది నేను. తుంటి ఎముక అతుక్కుందనే అంటాడు డాక్టరు. ఎముకకు తెలిసిన సంగతి కాళ్ళకింకా తెలియలేదు. తన చెయ్యి నా మెడ చుట్టూ వేయించుకుని, నడుం పట్టుకుని, ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టి లేపాలి. మూడు దగ్గర ఇద్దరం మూలుగుతాం. పడిపోయిన కొత్తలో ఆ మూలుగుకి నవ్వుకునేవాళ్ళం.

రెండోసారి పడుకోబెట్టి, చేతులు కడుక్కుని, బ్యాగు తగిలించుకుని, చెప్పులు వేసుకున్నాక మళ్ళీ పిలిచింది.

"మళ్ళీనా అమ్మా" అన్నాను. అంతే. గట్టిగా కూడా అనలేదు.

"ఏం లేదులే, నువ్వెళ్ళు" అంది. వెళ్ళాను. మెట్ల మీద ఆయా ఎదురొచ్చింది. బస్సు ఎలాగూ పోయింది.

మార్చి 6, గురువారం

ఆఫీసులో, గోడమీద అంటించిన చర్మం బిగువు గీత ముందు మీటింగు. ఇరవై ఏళ్ళ దగ్గర ఎత్తుగా మొదలై, నలభై దాకా మెల్లగా జారి, ఆ తర్వాత వాలుగా దిగుతుంది. డెబ్భై నాలుగు దగ్గర గాల్లో ఆగిపోతుంది. డెబ్భై అయిదు దాటినవాళ్ళు ఒక్కరూ పరీక్షకి రాలేదు. క్రీము డబ్బా మీద ఆ గీత అచ్చు వేస్తారట. సగంలో ఆగిన గీతని ఎవరు కొంటారని మేనేజరు బాధ.

"ఆ వయసులో చర్మం బిగువు ఎవడిక్కావాలి సార్, మోకాళ్ళు వంగితే చాలు" అంది గడియారం అక్క. పరీక్షకి వచ్చినవాళ్ళను గది చల్లదనానికి ఒళ్ళు అలవాటు పడేదాకా ఇరవై నిమిషాలు కుర్చీలోంచి కదలనివ్వదు కాబట్టి ఆ పేరు. ఇరవై ఏళ్ళుగా ఇదే పని.

నా నోట్లోంచి దానంతటదే వచ్చేసింది. "మా అమ్మకి డెబ్భై తొమ్మిది."

మేనేజరు మొహం వెలిగిపోయింది. "పాత జలగ మిషను ఒకటి పడుంది కదా, ఇంటికి పట్టుకెళ్ళండి. వారానికోసారి చాలు."

నేను ఆ మాట అన్నాక సిగ్గేసింది. ఎందుకన్నాను? గదిలో అందరూ నా వైపు తిరగాలనా? ఏమో.

మార్చి 8, శనివారం

జలగని చూసి అమ్మ భయపడుతుందనుకున్నాను. పెన్ను లావు గొట్టం, కొసన చొక్కా గుండీ అంత రంధ్రం. చేతి లోపలి వైపు ఆనిస్తే గాలి లాగుతుంది, చర్మం చిన్న గుమ్మటంలా పైకి లేస్తుంది. వదులుతుంది. లేచిన దాంట్లో ఎంత వెనక్కి వెళ్ళిందో నూటికి ఇంత అని అంకె చూపిస్తుంది. రోజూ నలభై మంది చేతుల మీద చేసేదే.

"ఇంతేనా?" అంది అమ్మ. "దీనికి మిషనెందుకే. నేను వేలితో చేసేదాన్ని."

ముప్ఫై ఏళ్ళు బళ్ళ పిల్లలకి యూనిఫారాలు కుట్టింది. పావడా నడుముకి ఎలాస్టిక్ ఎక్కించే ముందు ప్రతి చుట్టనీ చెవి దగ్గర పెట్టుకుని లాగి వదిలేది. టప్‌మంటే తీసుకునేది. చప్పుడు మెత్తగా వస్తే కొట్టువాడికి తిప్పి పంపేసేది. "పైకి కొత్తదానిలాగే ఉంటుంది. లాగితే గానీ గుట్టు తెలీదు" అనేది. ఇవాళా అంది.

ఇరవై నిమిషాలు కూర్చోబెట్టి ఫారం నింపాను. వయసు. మందులు. మూడో ప్రశ్న: నిన్న ఎన్ని గ్లాసుల నీళ్ళు తాగారు?

"ఎనిమిదని రాసుకో. నువ్వు పెట్టిన జగ్గు సాయంత్రానికి ఖాళీయే కదా."

నిజమే. మూత జగ్గు, ఎనిమిది గ్లాసులు పడుతుంది. నేను వచ్చేసరికి బోర్లించి ఉంటుంది. ఎనిమిది అని రాసి సంతకం పెట్టాను.

వందకు నలభై ఒకటి. ఉండవలసిన చోటే ఉంది. గీత నడకకి సరిగ్గా కుదిరింది.

నా చేతికి కూడా పెట్టుకుని చూశాను. అరవై మూడు. నా వయసుకి ఒకటి తక్కువ. దాని గురించి ఇంతసేపు ఎందుకు ఆలోచించానో.

మార్చి 11, మంగళవారం

పొద్దున అమ్మ ఒక్కసారే పిలిచింది. బస్సు దొరికింది. కిటికీ పక్క సీటు కూడా.

మార్చి 15, శనివారం

ముప్ఫై ఎనిమిది. ఫ్యాను గాలి తగిలి ఉంటుంది. కిటికీ మూసి ఇంకోసారి పెట్టాను. అదే వచ్చింది.

నీళ్ళు: 8.

మార్చి 16, ఆదివారం

ఆయాకి సెలవు. కూరలు తెచ్చి సంచీ దించీ దించకుండానే అమ్మ మంచం మీంచి తన గ్లాసు చాపింది. "మొహం చూడు ఎలా కందిపోయిందో. ముందిది తాగు."

చల్లగా ఉన్నాయి. గటగటా తాగేశాను. చిన్నప్పుడు బడి నుంచి రాగానే ఇలాగే, కుట్టుమిషను మీంచి లేవకుండా చెయ్యి చాపి ఇచ్చేది. నలభై ఆరేళ్ళొచ్చినా ఇంకా నా దాహం తనకే ముందు తెలుస్తుంది. కళ్ళు చెమర్చాయి. ఇలాంటివి రాసిపెట్టుకోవాలి.

మార్చి 19, బుధవారం

చెల్లెలు ఫోను చేసింది. రెండూళ్ళ అవతల ఉంటుంది, వారానికోసారి మోగుతుంది.

"అమ్మ గొంతేంటక్కా అలా ఉంది, నూలుపోగు లాగుతున్నట్టు?"

"వయసే."

"నీకు అన్నీ వయసే. మొన్న నాకు తలనొప్పంటే కూడా వయసే అన్నావు."

"నీకూ వచ్చిందిగా మరి."

"నువ్వు కొలిచేది చర్మాన్ని. మనుషుల్ని కాదు, గుర్తుపెట్టుకో."

నవ్వుతూనే అంది. దాని నవ్వుల్లో ఎప్పుడూ గుండుసూది ఒకటి ఉంటుంది. అమ్మని ఎత్తి దించే నడుం దానిది కాదుగా. ఫోను పెట్టేశాక గంటసేపు దానికి జవాబులు చెప్పుకున్నాను. అన్నీ బాగున్నాయి.

ఇంకొకటి. ఆ సోమవారం సంగతి ఊరికే గుర్తొస్తోంది. అలాంటిది ఏ కూతురైనా అంటుంది. గట్టిగా అనలేదు కూడా.

మార్చి 22, శనివారం

ముప్ఫై నాలుగు.

జలగ పాతదైపోయిందేమో. నా చేతి మీద పెట్టాను. అరవై మూడు. మిషను బాగానే ఉంది.

అమ్మ మాట్లాడుతుంటే నాలుక అంగిటికి అంటుకుని చిన్న చప్పుడొస్తోంది. అడిగాను.

"మాటలు అయిపోయాయే. ముప్ఫై ఏళ్ళు నోట్లో సూదీ గుండుసూదీ పెట్టుకుని కుట్టాను. అప్పట్లో మాట్లాడనివి ఇప్పుడు మాట్లాడదామంటే నోరెండిపోతోంది."

"మందుల వల్ల" అన్నాను. మందుల చీటీ మీద నిజంగానే అలా ఉంది. చదివి వినిపించాను కూడా. శ్రద్ధగా వింది.

నీళ్ళు: 8.

మార్చి 24, సోమవారం

"పెద్దమ్మగారు బంగారమండీ" అంది ఆయా. "ఇంతకుముందు గంటకోసారి లేపమనేవారు. ఇప్పుడు పొద్దున్నొకసారి, సాయంత్రం మీరొచ్చే ముందొకసారి. అసలు పనే చెప్పట్లేదు."

మనసు తేలికపడింది. అది రాయకపోతే అబద్ధమవుతుంది. కాళ్ళు కుదురుకుంటున్నాయి, పట్టు వస్తోంది అనుకున్నాను. ఒంట్లో కాస్త బలమొస్తే ఇలాంటి ఇబ్బందులు తగ్గుతాయని ఎక్కడో చదివాను.

చదివానా?

మార్చి 29, శనివారం

ఇరవై ఏడు.

మార్చి 31, సోమవారం

నాలుగు చుక్కలూ గీతకి తగిలించారు. డెబ్భై నాలుగు దాకా మెల్లగా దిగిన గీత ఒక్కసారిగా గోడ దూకినట్టు పడిపోయింది. మేనేజరు రెండడుగులు వెనక్కి వేసి చూశాడు. "అద్భుతం. వయసంటే ఏమిటో చూడగానే తెలిసిపోతుంది. దీన్ని చూసిన ఏ ఆడమనిషి డబ్బా కొనకుండా బయటికెళ్తుంది?"

గడియారం అక్క నన్ను పక్కకి పిలిచింది.

"మూడు వారాల్లో పద్నాలుగు పడిందేంటమ్మా? వయసు వారాల లెక్కన నడవదు."

"మా అమ్మ తీరే వేరక్కా."

"నీళ్ళు తాగుతున్నారా?"

"ఎనిమిది గ్లాసులు."

"చూశావా?"

"జగ్గు చూశాను."

ఆవిడ ఫారాలు సర్దుకుంటూ వెళ్ళిపోయింది. ఈ వయసు మనుషుల్ని ఇంతవరకు ఆవిడ కూడా కొలవలేదు కదా. ఆవిడకేం తెలుసు.

బుధవారం సగం రోజు సెలవు పెట్టి ఇంట్లో ఉండి చూడాలి. ఊరికే. అనుమానం తీరడానికి.

ఏప్రిల్ 1, మంగళవారం

ఫోను పదకొండున్నరకి. పెద్దమ్మగారు పిలిస్తే పలకట్లేదు, నన్ను చూసి మీ పేరు పెట్టి పిలుస్తున్నారు అని ఆయా.

ఏప్రిల్ 2, బుధవారం

ఆసుపత్రి. వార్డు చివర కుర్చీలో కూర్చుని రాస్తున్నాను.

ఇక్కడి డాక్టరు నాకంటే పదేళ్ళు చిన్నది. జుట్టు రబ్బరు బ్యాండుతో వెనక్కి లాగి కట్టుకుంది. అమ్మ మెడ దగ్గర, ఎముక కింద, చర్మాన్ని రెండువేళ్ళతో పట్టి లేపి వదిలింది. అది అలాగే నిలబడింది. మడత పెట్టి మరిచిపోయిన గుడ్డలాగా.

"ఎన్ని రోజుల నుంచి నీళ్ళు తాగట్లేదు?"

"తాగుతోందండీ. ఎనిమిది… చర్మం వయసు వల్ల… నేను ఆ పనే చేస్తాను. కొలుస్తున్నాను, వారం వారం."

"ఎక్కడ కొలిచారు?"

"చేతి మీద."

"చేతి మీద వయసూ కనిపిస్తుంది, దాహమూ కనిపిస్తుంది. ఏది ఏదో తెలీదు. అందుకే పెద్దవాళ్ళకి ఇక్కడ, మెడ కింద చూస్తాం, నోరు చూస్తాం, ఎన్నిసార్లు బాత్రూముకి వెళ్ళారో అడుగుతాం. అన్నిటికంటే ముందు, ఎంత తాగుతున్నారో చూస్తాం." కోపంగా అనలేదు. అది ఇంకా బాధ. "మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నాయి. సెలైన్ పెట్టాం. చూద్దాం."

వారం వారం కొలిచాను. కొలిచి రాసుకున్నాను.

ఏప్రిల్ 3, గురువారం

ఆయా వచ్చింది. వార్డులోకి రాకుండా నడవాలో గోడకి ఆనుకుని నిలబడింది. నేను వెళ్ళేసరికి ఏడుస్తోంది.

"ఆ నీళ్ళు నేనే తాగేదాన్నమ్మా."

"ఏ నీళ్ళు?"

"జగ్గులోవి. పొద్దున్నే రాగానే ఇచ్చేవారు, ఎండన పడి వచ్చావు తాగు అని. అన్నం తిన్నాక మళ్ళీ ఇచ్చేవారు. బట్టలుతికి వస్తే మళ్ళీ. నేను తాగానులే, ఇవి నువ్వు తాగు అనేవారు. పెద్దావిడ చేత్తో ఇస్తే కాదంటామా? మాయింట్లో నాకు నీళ్ళిచ్చే దిక్కెవరమ్మా? మిగిలినవి మొక్కకి పోసి జగ్గు బోర్లించమనేవారు. మిగిలితే అమ్మాయి నేను తాగలేదనుకుంటుంది అనేవారు. నాకు తెలీదమ్మా. ఒట్టు, నాకు తెలీదు."

ఆమెను తిడదామని నోరు తెరిచాను. అప్పుడు ఆదివారం గుర్తొచ్చింది. సంచీ దించక ముందే చాపిన గ్లాసు. గటగటా తాగింది నేను. తాగి, కళ్ళు తుడుచుకుని, ఈ పుస్తకంలోనే రాసుకుని మురిసిపోయింది నేను.

"నువ్వేం చేశావు, ఊరుకో" అన్నాను. ఇద్దరం చాలాసేపు అలాగే గోడకి ఆనుకుని నిలబడ్డాం.

ఏప్రిల్ 5, శనివారం

సాయంత్రం నాలుగింటికి అమ్మకి తెలివొచ్చింది. బాగా వచ్చింది. చెంచాతో నీళ్ళు పట్టిస్తుంటే నా చేతివైపే చూసింది.

"ఎందుకు చేశావమ్మా?"

"ఏం చేశాను?"

"నీళ్ళు తాగకుండా."

"తాగితే లేవాలి కదే."

"లేపేదాన్ని కదా."

"లేపేదానివి. లేపి, అవతలకెళ్ళి గోడ పట్టుకుని నిలబడేదానివి. నడుం మీద చెయ్యేసుకుని. అద్దంలో కనపడేది నాకు." ఊపిరి తీసుకుంది. "ఆ ఆయా పిల్లదీ అంతే. దానిక్కూడా నడుం నొప్పి. ఇద్దరి నడుములూ నా ఒక్కదాని మూలంగా… లెక్క కుదర్లేదు."

కుట్టుపని చేసే మనిషి. గుడ్డ ఎంత ఉంది, ఎక్కడ తగ్గిస్తే సరిపోతుంది అని జీవితమంతా చూసింది.

అడగాలా వద్దా అని చాలాసేపు కొట్టుకున్నాను. అడిగాను.

"ఆ రోజు నేనన్నందుకా?"

"ఏ రోజు?"

"నేను ఆఫీసుకెళ్తుంటే. పిలిచావు కదా. నేనన్నాను కదా."

"ఏమన్నావు?"

అమ్మ కళ్ళలోకి చూశాను. నిజంగా గుర్తు లేదా, లేక ఇది కూడా నాకు చాపుతున్న గ్లాసా, తెలుసుకోలేకపోయాను. ఇప్పటికీ తెలీదు. అప్పటికి మాత్రం తీసుకున్నాను.

"ఏం లేదులే" అన్నాను.

"ఏం లేదు కదా" అంది. నా మణికట్టు మీద చర్మాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని, కొంచెం లాగి, వదిలింది. "బాగానే ఉన్నావు" అంది. "ఇంకా చాలాకాలం పని చేస్తుంది."

ఏప్రిల్ 7, సోమవారం

అమ్మ పోయింది. పొద్దున పదింటికి.

ఏప్రిల్ 8, మంగళవారం

ఏమీ లేదు.

ఏప్రిల్ 13, ఆదివారం

చెల్లెలు ఇవాళ వెళ్ళింది. ఉన్న ఆరు రోజులూ నన్ను ఒక్క మాటా అనలేదు. అంటే బాగుండేది. బస్సెక్కుతూ మాత్రం, "అక్కా, నువ్వు తిండి మానకు" అంది. దాని గొంతులో గుండుసూది కోసం వెతికాను. లేదు.

కిటికీలో కుండీ మొక్క వేళ్ళు కుళ్ళి వాలిపోయింది. నీళ్ళెక్కువై.

ఏప్రిల్ 21, సోమవారం

ఆఫీసు. అందరూ మెల్లగా మాట్లాడుతున్నారు. గడియారం అక్క నన్ను ఇరవై నిమిషాల కుర్చీలో కూర్చోబెట్టి టీ ఇచ్చింది. గడియారం వైపు చూడలేదు.

మేనేజరు గదికి వెళ్ళి చెప్పాను. ఆ నాలుగు చుక్కలూ తీసేయండి, అది వయసు కాదు, దాహం అని.

"మీ బాధ నాకర్థమవుతుందండీ" అన్నాడు. "కానీ ఫారంలో ఎనిమిది గ్లాసులని ఉంది కదా. నాలుగు వారాలూ. మీ సంతకమే."

"అది తప్పు. నేను చూడకుండా రాశాను."

"అలా ఒప్పుకుంటే మీరు రాసిన మిగతా ఫారాల సంగతేంటి? రోజుకి నలభై. అవన్నీ చూసే రాశారా?"

ఎంతమంది ఎనిమిది అంటే ఎనిమిది అని రాశాను? ఎంతమంది దూరం నుంచి వచ్చేవాళ్ళు, దారిలో ఆగాల్సి వస్తుందని పొద్దున్నుంచి గొంతు తడుపుకోకుండా వచ్చి, నా మొహం చూసి ఎనిమిది అన్నారు? గీత మొత్తం అలాంటిదే కావచ్చు. ఆడవాళ్ళ వయసనుకుంటూ ఇన్నేళ్ళూ మేం గీసింది ఏమిటో నాకు తెలీదు.

"పైగా అచ్చయిపోయింది" అన్నాడు. డబ్బా తీసి చూపించాడు. తెల్లటి అట్ట మీద బంగారు రంగు గీత. చివర్న అమ్మ. నాలుగు చుక్కలు, మెట్లు దిగుతున్నట్టు.

ఏప్రిల్ 22, మంగళవారం

మొదట వచ్చినామెకి యాభై ఉంటాయి. మూడో ప్రశ్న అడిగాను.

"ఎనిమిది" అంది. వెంటనే.

"నిజం చెప్పండి."

బెదిరిపోయింది. "మూడో, నాలుగో. తప్పా అండీ?"

నాలుగు అని రాశాను. తర్వాత దాన్ని కూడా నేను చూడలేదు కదా అనిపించింది. కొట్టేశాను. ఫారం పాడైంది. ఇంకో ఫారం తీసుకుని, ఆ ప్రశ్న దగ్గర పెన్ను పట్టుకుని కూర్చుండిపోయాను. గడియారం అక్క వచ్చి ఫారం నా చేతిలోంచి మెల్లగా తీసుకుంది.

రేపటి నుంచి రానని చెప్పలేదు. వెళ్తాననీ అనుకోవడం లేదు.

ఏప్రిల్ 26, శనివారం

అమ్మ కుట్టుపెట్టె తెరిచాను. దారపు ఉండలు, సుద్దముక్క, అడుగున ఎలాస్టిక్ చుట్ట, కాగితం కూడా విప్పలేదు. కొత్తదానిలాగే ఉంది. చెవి దగ్గర పెట్టుకుని లాగాను. చప్పుడు లేదు. లోపలి రబ్బరు ఎప్పుడో పొడి అయిపోయింది. లాగినంత మేరా సాగి, అలాగే నా చేతుల మధ్య వేలాడింది. తిప్పి పంపడానికి ఆ కొట్టూ లేదు.

ఈ పుస్తకం మొదటి నుంచి చదివాను. అంకెలన్నీ సరిగ్గా రాశాను. తేదీలు సరిగ్గా ఉన్నాయి. ఆయా ఎన్ని నిమిషాలు ఆలస్యమో కూడా సరిగ్గానే ఉంది. ఒక్క మార్చి 3 దగ్గర దిద్దాలి. అక్కడ కొట్టేసి రాయడానికి చోటు లేదు, అందుకని ఇక్కడ రాస్తున్నాను.

గట్టిగానే అన్నాను. గుమ్మంలో చెప్పులతో నిలబడి, వెనక్కి కూడా తిరగకుండా, మెట్ల మీద వస్తున్న ఆయా ఆగిపోయి తలెత్తి చూసేటంత గట్టిగా.